జాబితాలో పార్టీ పేరు, కేసులో ఊరివాళ్ల పేర్లు

మహారాష్ట్రలో ప్రాణహిత ఒడ్డున ఉన్న సిరోంచ వైపు ఊళ్లలో 'టెర్రరిస్టు' అనే మాట తక్కువ. అక్కడి తెలుగువాళ్లు 'అన్నలు' అంటారు, లేదా 'నక్సలైట్లు' అంటారు. కేసు కాగితాల్లో మాత్రం వేరే భాష. 2009 జూన్‌లో కేంద్రం మావోయిస్టు పార్టీని ఉపా (చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక) చట్టం మొదటి షెడ్యూల్లో, ఉగ్రవాద సంస్థల వరుసలో చేర్చింది.

ఉగ్రవాదం అంటే ఇదీ అని అన్ని దేశాలూ ఒప్పుకున్న నిర్వచనం అంతర్జాతీయ చట్టంలో ఇప్పటికీ లేదు. 1996లో మన దేశమే ఐక్యరాజ్యసమితిలో ఉగ్రవాదంపై ఒక ఒప్పందం ముసాయిదా పెట్టింది. విముక్తి పోరాటాలను ఏమనాలి, సైన్యాలు చేసేదాన్ని ఏమనాలి అనే దగ్గర అది ఆగిపోయింది. నిర్వచనం రాలేదు కానీ జాబితాలు వచ్చాయి. 1999 నాటి 1267 తీర్మానంతో మొదలైన భద్రతా మండలి జాబితాలోకి పాకిస్తాన్‌లోని జైషే మహమ్మద్ అధినేత మసూద్ అజర్ పేరు ఎక్కింది 2019 మేలో, చైనా అడ్డు తొలగాకే. 2001 నాటి 1373 తీర్మానం ఉగ్రవాదుల ఆస్తులు స్తంభింపజేయమంది, ఎవరు ఉగ్రవాదులో తేల్చే పని దేశాలకే వదిలేసింది. కాబట్టి ఈ ముద్రలో చట్టం ఎంతుందో రాజకీయమూ అంతే ఉంది.

ముద్ర వేసినంత మాత్రాన మిగతా బాధ్యతలు పోవు. అంతర్యుద్ధాలకు వర్తించే 1949 జెనీవా ఒప్పందాల మూడో అధికరణం, ఆయుధం పట్టనివాళ్లనూ పట్టుబడ్డవాళ్లనూ చంపొద్దు, హింసించొద్దు అంటుంది. అది ప్రభుత్వానికీ వర్తిస్తుంది, ఎదుటి సాయుధులకూ వర్తిస్తుంది. దాన్ని పాటిస్తే ఆ సంస్థకు గుర్తింపు ఇచ్చినట్టు కాదని కూడా అందులోనే రాసి ఉంది. మన ప్రభుత్వం మాత్రం మావోయిస్టులది అంతర్యుద్ధం కాదు, శాంతిభద్రతల సమస్యే అంటూ వచ్చింది. అయినా మూడో అధికరణం గీటురాయి మీద చూస్తే, ఇన్ఫార్మర్ అని పేరుపెట్టి ఊరి మనిషిని చంపడం ఎంత నేరమో, పట్టుకున్నవాణ్ణి కాల్చేయడమూ అంతే నేరం.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకొకటి. రాత్రి పది దాటాక తుపాకులతో నలుగురు వాకిట్లో నిలబడి "అక్కా, ఇంత అన్నం వండు" అంటే, పొయ్యి మీద ఎసరు పెట్టకుండా ఎవరుండగలరు? తెల్లారితే పోలీసులొచ్చి "ఎందుకు పెట్టావ్?" అంటారు. చట్టం ఇక్కడ గుడ్డిగా ఏమీ లేదు. మద్దతు నేరం కావాలంటే సంస్థ పనిని ముందుకు తీసుకెళ్లే ఉద్దేశం ఉండాలని ఉపా సెక్షన్ 39 చెబుతుంది. కానీ ఆరోపణ పైకి నిజమనిపిస్తే చాలు, అదే చట్టం సెక్షన్ 43డి(5) కింద బెయిల్ రాదు. ఆమె ఉద్దేశమేమిటో విచారణలో తేలేసరికి ఏళ్లు గడిచిపోతాయి. పిల్లలు ఎవరింట్లోనో పెరుగుతుంటారు.

2025 అక్టోబరులో పెద్దపల్లికి చెందిన మావోయిస్టు అగ్రనేత మల్లోజుల వేణుగోపాల్ రావు అరవై మందితో గడ్చిరోలిలో లొంగిపోయారు. ఆయుధం దించినవాళ్లకు పునరావాసం ఉండాల్సిందే. సిరోంచ నుంచి ఒడిశాలోని మల్కన్‌గిరి దాకా, అన్నం వండిపెట్టినందుకు ఉపా కేసుల్లో ఇరుక్కున్నవాళ్ల ఫైళ్లు కూడా ఇప్పుడే తెరవాలి. భయంతో పెట్టారా, ఇష్టంతో పెట్టారా అన్న ప్రశ్న బెయిల్ దగ్గరే అడగాలి.