గోల్డ్‌బర్గ్ నంబర్ వన్ అట, సరిపోయింది!

ఇప్పుడే ఒక తెలుగు రెజ్లింగ్ పేజీ "2025 జూలై టాప్ 5 మ్యాచ్‌లు" అని లిస్టు వదిలింది. పేరు చెప్పి వాళ్లకు ఉచిత ప్రచారం చేసే ఉద్దేశం నాకు లేదు. ఒకటో నంబరు ఏంటనుకున్నారు? జూలై 12న అట్లాంటాలో జరిగిన గుంథర్, పాతకాలపు స్టార్ గోల్డ్‌బర్గ్ మ్యాచ్. ఒకాడా, కెన్నీ ఒమెగా మ్యాచేమో నాలుగు. హ్యాంగ్‌మన్ పేజ్, మాక్స్‌లీ మ్యాచ్ అసలు లిస్టులోనే లేదు! కింద కామెంట్లలో ఎవరో పాపం మర్యాదగా అడిగితే అడ్మిన్ గారి సమాధానం: "మిగతావన్నీ జిమ్నాస్టిక్స్ బ్రో, లెజెండ్ లెజెండే."

ఈయన చిన్నప్పటి డబ్ల్యూడబ్ల్యూఎఫ్ కార్డుల కట్ట ఇంకా జేబులోనే పెట్టుకుని తిరుగుతున్నట్టున్నాడు. ఎత్తెంత, బరువెంత, ఛాతీ ఎంత, బైసెప్స్ ఎంత, ఎవరిది పెద్దదైతే వాడిదే కార్డు. సరే, ఆడుకో నాయనా. కానీ దానికి "బెస్ట్ మ్యాచ్‌లు" అని పేరెందుకు? "నాకు గుర్తున్న పేర్లు" అని పెట్టుకో, ఎవరూ ఏమీ అనరు.

58 ఏళ్ల మనిషి రింగ్‌లోకి దిగాడు, సొంత ఊళ్లాంటి చోట రిటైరయ్యాడు, గౌరవం ఇవ్వాల్సిందే, ఇచ్చాం. కానీ ఆ మ్యాచ్ నిలబడిందంటే అది గుంథర్ పుణ్యం. ఎదుటివాడికి ఊపిరి తీసుకునే టైమివ్వాలి, ఇస్తున్నట్టు జనానికి తెలియకూడదు. ఆ పని మొత్తం చేసింది గుంథర్. ముగింపు చూడండి: గుంథర్ పట్టిన స్లీపర్ హోల్డ్. ఎందుకు స్లీపరే? దాంట్లో ముసలాయన ఎవర్నీ ఎత్తక్కర్లేదు, ఎవరి చేతిలోంచీ కింద పడక్కర్లేదు. వెనకనుంచి మెడ చుట్టూ చెయ్యి వేసి, చూడ్డానికి బిగించినట్టే ఉండి, గొంతు మీదా పక్క నరాల మీదా నిజమైన ఒత్తిడి పడకుండా పట్టుకుంటారు. మొహం కెమెరా వైపు. మొహంలో బాధ చూపిస్తే చాలు, అదే కథ. ఓపిక అయిపోయిన మనిషికి ఇంతకన్నా మర్యాదైన ముగింపు రాయలేరు. ఆ తెలివిని మెచ్చుకుని గుంథర్‌కి నంబర్ వన్ ఇచ్చుంటే నేను ఈ పోస్టే రాసేవాణ్ని కాదు. లెజెండ్‌కి ఇచ్చాడట! ఆ లెజెండ్ చివరి మాటలు పూర్తికాకముందే ప్రసారం కట్ చేసి పడేశారు. కంపెనీ (డబ్ల్యూడబ్ల్యూఈ) దగ్గరే లేని భక్తి మన అడ్మిన్ గారి దగ్గర పొంగిపొర్లుతోంది.

లెజెండ్ అన్నారు కాబట్టి ఆయన ముగింపు దెబ్బ జాక్‌హ్యామర్ గురించి కూడా మాట్లాడుకుందాం. ఎదుటివాడి తల చంకలో ఇరికించుకోవాలి, వాడి చెయ్యి మన మెడ మీద వేసుకోవాలి, ఇంకో చేత్తో ట్రంక్స్ పట్టుకుని నిలువుగా తలకిందులుగా లేపాలి. లేచేవాడు కూడా గెంతాలి, సగం బరువు వాడి గెంతులోనే పోతుంది. పైకి వెళ్లాక పక్కకి తిప్పి, వాడి వీపు మొత్తం పరుచుకుని మ్యాట్‌కి తగిలేలా దింపుతూ మనం మీద పడాలి. ఎత్తేవాడి కాళ్లలో సత్తువ లేకపోతే నిలువుదాకా లేవదు. నిలువుదాకా లేవకపోతే తిరగదు. తిరక్కపోతే వీపు బదులు తల, మెడ ముందు తగుల్తాయి. 2019 జూన్‌లో జెడ్డాలో అండర్‌టేకర్‌కి జరిగింది అచ్చంగా ఇదే. గోల్డ్‌బర్గ్ అప్పటికే తన తల తనే రింగ్ మూల పోస్టుకి బాదుకుని సగం స్పృహలో ఉన్నాడు. ఒకరికి 52, ఇంకొకరికి 54. మెడ విరక్కపోవడం అదృష్టం.

1999 స్టార్‌కేడ్‌లో బ్రెట్ హార్ట్ మాటేంటి మరి? గోల్డ్‌బర్గ్‌ది ఒక్క తన్ను. తన్నుకి ఆగే చోటు అని ఒకటుంటుంది, కాలు అక్కడ ఆగాలి. ఆగలేదు. తలకి తగిలిన ఆ దెబ్బతో బ్రెట్ కెరీరే ముగిసిపోయింది. ఈ పనిలో మొదటి నియమం అవతలివాడి ఒళ్లు నీ చేతిలో అప్పు, దాన్ని క్షేమంగా తిరిగిచ్చేయాలి అని. ఎన్ని అంగుళాల బైసెప్స్ ఉన్నా ఈ లెక్క మారదు.

"జిమ్నాస్టిక్స్" అని కొట్టిపారేసిన వాటి సంగతి చూద్దాం. ఒకాడా ముగింపు దెబ్బ రెయిన్‌మేకర్‌ని ఎప్పుడైనా నిదానంగా చూశాడా ఈయన? వెనకనుంచి మణికట్టు పట్టుకుంటాడు, మనిషిని బయటికి తిప్పుతాడు, అదే మణికట్టు లాగి ఛాతీ పైభాగంలో చెయ్యి వేస్తాడు. మణికట్టు మాత్రం చివరిదాకా వదలడు. దూరం ఎంతుండాలో, ఎప్పుడు పడాలో ఆ పట్టే చెబుతుంది. పడేవాడు గడ్డం ఛాతీకి ఆనించి వెల్లకిలా పడాలి. గడ్డం ఎత్తాడో, తల వెనక్కి విసిరినట్టు వెళ్లి మ్యాట్‌కి కొట్టుకుంటుంది.

ఇక కథ. 2017 జనవరి 4న టోక్యోలో ఒమెగా మీద ఒకాడా గెలిచాడు. అదే ఏడాది జూన్‌లో 60 నిమిషాల డ్రా. ఆగస్టులో ఒమెగా గెలిచాడు, 2018 జూన్‌లో మళ్లీ ఒమెగానే. మళ్లీ ఏడేళ్లకు, టెక్సస్‌లోని ఆర్లింగ్టన్‌లో, జూలై 12న ఐదోది. మధ్యలో ఒమెగా పెద్దపేగు జబ్బుతో ఆస్పత్రి పాలై ఏడాదికి పైగా రింగ్‌కి దూరమయ్యాడు. ఒకాడా ఏం చేశాడు? నేరుగా ఆ కడుపు మీదే పడ్డాడు. గాయం ఎక్కడుందో జనానికి ముందే తెలుసు కాబట్టి ఒక్కో దెబ్బకీ స్టేడియం మొత్తం మూలిగింది. ఒమెగా నడక, వంగడం, లేవడం అన్నీ ఆ కడుపు చుట్టూనే తిరిగాయి. సెల్లింగ్ (దెబ్బ నొప్పి జనానికి చూపించడం) అంటే ఇదీ, అరవడం కాదు. చివరికి ఒకాడా గెలిచాడు, లెక్క రెండు, రెండు, ఒక డ్రా దగ్గర ఆగింది. ఎనిమిదేళ్ల లెక్క సమం అయితే ఈయనకు నాలుగో నంబరు!

పేజ్, మాక్స్‌లీ మ్యాచ్ లిస్టులో లేకపోవడం మాత్రం నిజంగా మండించింది. టెక్సస్ డెత్ మ్యాచ్‌లో పది లెక్కపెట్టేలోపు లేవలేకపోయినా ఓటమే, ట్యాప్ చేసినా (చేత్తో తట్టి లొంగిపోయినా) ఓటమే. మాక్స్‌లీ 2024 అక్టోబర్‌లో డేనియల్సన్ దగ్గర ఛాంపియన్ బెల్ట్ గెలిచి దాన్ని పెట్టెలో పెట్టి తాళం వేశాడు, నెలల తరబడి జనానికి బెల్ట్ కనపడనే లేదు. నాకూ ఒక ఫిర్యాదుంది, దాచను: ఆ మ్యాచ్‌లోకి బయటివాళ్లు మరీ ఎక్కువమంది దూరారు, ఒక దశలో రింగ్ బస్టాండులా తయారైంది. కానీ చివర్లో పేజ్ పాత శత్రువు స్వర్వ్ వచ్చి పేజ్ చేతికి గొలుసు అందించాడు చూడండి! 2023 ఫుల్ గేర్ షోలో ఇదే స్వర్వ్ ఇదే పేజ్‌ని గొలుసుతోనే ఓడించాడు. ఆ తర్వాత పేజ్ స్వర్వ్ ఇల్లు తగలబెట్టిన కథ కూడా నడిచింది. ఆ గొలుసే ఇప్పుడు పేజ్ చేతిలో పడింది, మాక్స్‌లీ తాడు మీదుగా వేలాడుతూ ట్యాప్ చేశాడు. ఏడాదిన్నర పైన నడిచిన పగ ఒక్క వస్తువు చేతులు మారడంతో తీరిపోయింది. ఒక్క డైలాగ్ లేదు. ఇది జిమ్నాస్టిక్సా సామీ?

ఆ మర్నాడే అదే అట్లాంటా భవనంలో అమ్మాయిల ఎవల్యూషన్ షో. ఇయో స్కై, రియా రిప్లీ. దీన్ని లిస్టులో ఐదుకి పెట్టాడు, "అమ్మాయిలు కూడా బాగా ఆడారు" అనే ముష్టి వాక్యంతో. ఇయో మూన్‌సాల్ట్ ఒక్కటి తీసుకుని చూడండి. పై తాడు మీద రింగ్‌కి వీపు పెట్టి నిలబడి వెనక్కి గింగిరాలు కొట్టాలి, పడుకున్న మనిషి గాల్లో సగం తిరిగేదాకా కనపడదు. కింద మనిషి ఒక అడుగు అటో ఇటో ఉంటే పైనుంచి వచ్చే మోకాళ్లు ఆమె మొహం మీదైనా దిగుతాయి, దూకినామె మొహమైనా మ్యాట్‌కి కొట్టుకుంటుంది. అందుకే కిందామె పడేటప్పుడే లెక్క ప్రకారం పడుతుంది, చేతులు ఛాతీ ముందుకు తెచ్చి మీదకొచ్చే బరువు కాస్త పట్టుకుంటుంది. మీకు కనపడదు, కనపడకూడదు కూడా. నెయోమి మధ్యలో, ఎప్పుడైనా టైటిల్ మ్యాచ్ అడిగే హక్కున్న బ్రీఫ్‌కేస్ పట్టుకుని దూరి బెల్ట్ ఎత్తుకుపోవడం కూడా కొత్తేం కాదు, 2015లో రాలిన్స్ రెసిల్‌మేనియాలో చేసిన పనే. అంత మంచి మ్యాచ్‌కి అలాంటి ముగింపు అవసరమా అన్నది వేరే గొడవ, దానికి వేరే పోస్టు.

ఇక "అంతా ఫేకే కదా" బ్యాచ్ కామెంట్లకి బయల్దేరే ఉంటారు. రండి. 20 అడుగుల రింగ్, ఉక్కు ఫ్రేమ్, పైన చెక్క పలకలు, వాటి మీద పల్చటి ఫోమ్, ఆ పైన కాన్వాస్. దాని మీద వెల్లకిలా పడి చూపించండి. ఫలితం ముందే తెలుసని చెక్క మెత్తబడదు.

ఇంతకీ నా అసలు కడుపుమంట లిస్టు గురించి కాదేమో. ఇలాంటి పేర్ల భజన చూసే ఆ కంపెనీ మనల్ని ఎలా చూడాలో నిర్ణయించుకుంది. 2023 సెప్టెంబర్ 8, గచ్చిబౌలి బాలయోగి స్టేడియం. గుంథర్ వచ్చాడు, రియా రిప్లీ వచ్చింది. ఇప్పుడు జూలై మొత్తం మోసినవాళ్లలో ఇద్దరు హైదరాబాద్‌లో మన కళ్లముందే ఉన్నారు! గుంథర్‌కి ఎవర్నిచ్చారు? మన ఇండియా రెజ్లర్ శాంకీని. పైన సీనా, రాలిన్స్ ఇద్దరినీ ఒక జట్టుగా కలిపి, లుడ్విగ్ కైజర్, జియోవాని విన్చిల మీదకి వదిలారు. సీనా చెయ్యి ఊపాడు, జనం పాట పాడారు, అందరూ ఇళ్లకెళ్లారు. మర్నాటి కథలో దాని ఆనవాలు కూడా లేదు. గుంథర్‌కి సామీ జేన్‌ని ఇచ్చి ఇరవై నిమిషాలు వదిలేస్తే ఏమైపోయేది? ఇద్దరూ ఆ రాత్రి ఆ భవనంలోనే ఉన్నారు కదా! కానీ మనకి సీనా మొహం చాలు, మన పేజీలే అలా చెబుతుంటే వాళ్లకేం నొప్పి?

ఢిల్లీ ఇంకా ఘోరం. 2017 మేలో ఆర్టన్‌ని ఓడించి భారత మూలాలున్న జిందర్ మహల్‌కి బెల్ట్ ఇచ్చారు, ఇండియా మార్కెట్ కోసమేనని ఊరూరా చాటింపు. నవంబర్ 7న మాంచెస్టర్‌లో ఏజే స్టైల్స్‌కి ఆ బెల్ట్ ఇచ్చేశారు. డిసెంబర్ 9న ఢిల్లీలో జిందర్‌ని ఎవరితో ఓడించారో తెలుసుగా? ట్రిపుల్ హెచ్‌తో. సొంత జనం ముందు భుజాలు మ్యాట్‌కి ఆని పిన్ అయ్యాడు, పైగా తర్వాత ఇద్దరూ కలిసి భాంగ్రా. మనవాళ్లు చప్పట్లు కూడా కొట్టారు, "లెజెండ్" కదా మరి. ఎవరి కోసం గెలిపించామని చెప్పారో వాళ్ల ఊరికి ఆ బెల్ట్ తేవడానికి ఇంకొక్క నెల ఆగలేకపోయారు.