ఏడు కిరీటాలు, ఒక ఖాళీ గ్యాలరీ

యూరప్ ఫుట్‌బాల్ క్లబ్బుల పోటీ అయిన మహిళల చాంపియన్స్ లీగ్ 2019-20 సీజన్ ప్రీ క్వార్టర్స్‌లో బార్సిలోనా చేతిలో బెలారుస్ క్లబ్ ఎఫ్‌సీ మిన్స్క్ ఒకసారి 5-0తో, మరోసారి 3-1తో ఓడింది. అంకెలు చూస్తే చెప్పుకోదగ్గదేమీ లేదు. కానీ అంతకు ముందు రౌండులో స్విట్జర్లాండ్ క్లబ్ జ్యూరిక్‌ను ఇంటికి పంపిన జట్టది. రెండో మ్యాచ్‌కు బార్సిలోనా మిన్స్క్‌కే వచ్చి ఆడింది. మరో రెండేళ్లలో యూరప్ విజేతగా నిలవబోతున్న జట్టును అక్కడి ఆడపిల్లలు తమ ఊరి మైదానంలోనే చూడగలిగారు. ఆ భాగ్యం బెలారుస్ క్లబ్బులకు ఇప్పుడు లేదు.

2013 నుంచి 2019 దాకా వరుసగా ఏడుసార్లు దేశ టైటిల్ మిన్స్క్‌దే. అంతకు ముందు బొబ్రూయిస్క్ పట్టణపు బొబ్రుయ్‌చంక క్లబ్ హవా నడిచింది. 2020లో కిరీటం అదే మిన్స్క్ నగరంలోని డైనమో క్లబ్‌కు మారింది. జార్కా పేరుతో ఆడుతూ వచ్చిన జట్టే డైనమోగా మారి, ప్రభుత్వ క్రీడా విశ్వవిద్యాలయం పొట్టి పేరును తన పేరులో కలుపుకుంది. ఎఫ్‌సీ మిన్స్క్ వెనక నగర యంత్రాంగం, డైనమో వెనక విశ్వవిద్యాలయం. కోటి మంది కూడా లేని దేశంలో మహిళల ఫుట్‌బాల్ నిలబడిందంటే అది సర్కారు సొమ్ముతోనే. దీన్ని మేం తప్పు పట్టం. చదువూ ఆటా ఒకే ప్రాంగణంలో సాగితే పదిహేడేళ్ల అమ్మాయికి ఆట మానేయాల్సిన అవసరం తగ్గుతుంది.

అయితే అన్నం పెట్టే చెయ్యి చేసిన పనికి అమ్మాయిలూ లెక్క చెప్పాల్సి వస్తోంది. 2022 ఫిబ్రవరిలో రష్యా సేనలు ఉక్రెయిన్‌లోకి చొరబడిన దారుల్లో బెలారుస్ నేల ఒకటి. యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య యూఈఎఫ్‌ఏ ఆ నెలాఖరులోనే రష్యా జట్లను వెలివేసి, మార్చిలో బెలారుస్ జట్లకు మరో రకం శిక్ష వేసింది. సొంత మ్యాచ్‌లు తటస్థ వేదికలో, ప్రేక్షకులు లేకుండా ఆడుకోవాలి. మగవాళ్ల జట్లకూ ఇదే నియమం. కానీ మహిళల చాంపియన్స్ లీగ్ తొలి అర్హత రౌండు ఒకే చోట జరిగే చిన్న టోర్నీ. అలాంటి టోర్నీకి ఆతిథ్యమిచ్చి పది మందిని మైదానానికి రప్పించుకునే అవకాశం మిన్స్క్‌కు పోయింది.

అత్త మీద కోపం దుత్త మీద చూపారని వాదించేవారున్నారు. బెలారుస్ అధ్యక్షుడు లుకషెంకో నిర్ణయాలకు పందొమ్మిదేళ్ల గోల్‌కీపర్ ఏం చేస్తుంది? వాదనలో పస లేకపోలేదు. అయినా మేం యూఈఎఫ్‌ఏ నిర్ణయం వైపే మొగ్గుతాం. 2021-22లో చాంపియన్స్ లీగ్ గ్రూప్ దశ ఆడిన ఉక్రెయిన్ క్లబ్ ఝిత్లోబుద్-1 ది ఏ ఊరు? ఖార్కివ్. ఆ సీజన్ సగంలో ఉండగానే ఆ నగరం మీద బాంబులు పడ్డాయి. అప్పటి నుంచి ఉక్రెయిన్ క్లబ్బులూ యూరప్ పోటీల్లో సొంత మ్యాచ్‌లు పరాయి దేశంలోనే ఆడుతున్నాయి. ఏ నేరమూ చేయని వాళ్లకే సొంత గడ్డ లేనప్పుడు, దాడికి దారిచ్చిన దేశపు క్లబ్బులు గ్యాలరీల సందడి అడగడం సబబు కాదు. శిక్ష క్రీడాకారిణి ఆట ఆపలేదు, దేశపు వేడుకను ఆపింది. ఆ తేడా ఉన్నంతవరకు అది న్యాయమే.

మన సంగతికొస్తే, 2021 ఏప్రిల్‌లో ఉజ్బెకిస్తాన్‌లో జరిగిన స్నేహపూర్వక మ్యాచ్‌లో భారత మహిళలు ఇదే బెలారుస్ చేతిలో 2-1తో ఓడారు. హైదరాబాద్ మహానగరమంత జనాభా కూడా లేని దేశమది. నిజామాబాద్ జిల్లా నుంచి వచ్చిన గుగులోతు సౌమ్య 2022లో క్రొయేషియా వెళ్లి డైనమో జాగ్రెబ్‌లో చేరింది. మన మహిళల లీగ్ 2024-25 సీజన్‌లో ఎనిమిది జట్లు ఆడితే, వాటిలో తెలుగు రాష్ట్రాలది ఒక్కటీ లేదు.