ప్రేక్షక దేవుళ్లపై అభియోగపత్రం

డెన్మార్కు ప్రజాప్రసార సంస్థ డీఆర్ 2010 సెప్టెంబరులో ‘బోర్గెన్’ అనే రాజకీయ ధారావాహికను మొదలుపెట్టిన నాటి నుంచి దాని నాయిక నడవడి మీద, సృష్టికర్త ఆడమ్ ప్రైస్ ఉద్దేశాల మీద, చివరికి ఆ వంటింట్లో వేలాడే దీపాల మీద కూడా విస్తారంగా చర్చ జరిగింది. దాన్ని చూసినవారి ప్రవర్తన మీద మాత్రం ఇంతవరకు ఎవరూ విచారణ జరపలేదు. ఎవరూ అప్పగించకపోయినా, ప్రజాహితం దృష్ట్యా ఆ బాధ్యతను నేనే స్వీకరిస్తున్నాను. నాలుగు సీజన్లలోని ముప్పై ఎనిమిది భాగాలూ చూసినవాణ్ణి గనుక ఈ నేరంలో నాకూ వాటా ఉంది. నన్ను అప్రూవర్‌గా పరిగణించవలసిందిగా ముందే మనవి చేసుకుంటున్నాను.

కథ తెలియనివారికి రెండు మాటలు. బోర్గెన్ అంటే కోట. కోపెన్‌హాగెన్‌లోని క్రిస్టియన్స్‌బోర్గ్ సౌధానికి అక్కడివారు పెట్టుకున్న వాడుక పేరు అది. అధికారాల విభజన గురించి పాఠ్యపుస్తకాలు ఎంత చెప్పినా, అక్కడ పార్లమెంటు, ప్రధానమంత్రి కార్యాలయం, సుప్రీంకోర్టు ఒకే కప్పు కింద కాపురముంటున్నాయి. పార్లమెంటులో 179 సీట్లు, అంటే మన ఆంధ్రప్రదేశ్ శాసనసభ కంటే నాలుగే ఎక్కువ. వాటిలో రెండు గ్రీన్‌లాండ్‌వి, రెండు ఫారో దీవులవి. ఒకే పార్టీకి సొంత మెజారిటీ రావడమనేది ఇరవయ్యో శతాబ్దపు తొలినాళ్లతోనే ఆగిపోయింది కాబట్టి, అక్కడ రాజకీయమంటే ఎవరెవరినో కూడగట్టి తొంభై దాకా లెక్కపెట్టడమే. ధారావాహికలో రెండో భాగం పేరే ‘తొంభై దాకా లెక్కపెట్టు’. మధ్యేవాద పార్టీ నాయకురాలు బిర్గిట్టే న్యూబోర్గ్ ఆ లెక్క పూర్తిచేసి దేశానికి తొలి మహిళా ప్రధాని అవుతుంది.

నా మొదటి సాక్షి మా మేనమామ. రెవెన్యూ శాఖలో ముప్పై నాలుగేళ్లు పనిచేసి రిటైరై గుంటూరులో ఉంటున్నారు. ఏ ప్రభుత్వాన్ని చూసినా ముందుగా దస్తావేజుల వైపు నుంచి చూడటం ఆయనకు అలవాటు. మొదటి భాగంలో అప్పటి ప్రధాని హెసెల్‌బో లండన్‌లో భార్య కొన్న ఖరీదైన వస్తువులకు గత్యంతరం లేక ప్రభుత్వ కార్డుతో డబ్బు కడతాడు. ఆ రసీదు ఎన్నికల ముందు టీవీ చర్చలో అందరి ఎదుటా బయటపడుతుంది. దానితో అతని పదవి ఊడుతుంది. మావయ్య రిమోట్ అందుకుని వెనక్కి తిప్పి, ఆ సన్నివేశాన్ని కళ్లజోడు సర్దుకుని రెండోసారి చూశారు.

“ఏరా, బ్యాగు కొన్నందుకేనా?”

“అంతే మావయ్యా.”

“ఇది పైకి చూపించే కేసు. అసలుది ఎక్కడో భూముల్లో ఉంటుంది. చూస్తూ ఉండు.”

మావయ్యది ఒంటరి ఆశ్చర్యం కాదు. హైదరాబాదులో కాన్వాయ్ వెళ్లేదాకా సిగ్నల్ దగ్గర ఆగి, ఆలస్యంగా ఇల్లు చేరి, నెట్‌ఫ్లిక్స్ పెట్టుకున్న ప్రేక్షకుడు న్యూబోర్గ్ సైకిలు తొక్కుకుంటూ పనికి వెళ్లడం చూసి కంటతడి పెట్టుకోవడంలో వింతేమీ లేదు. వింతంతా ఆ కన్నీటిలోంచి ఆయన తేల్చుకున్న సిద్ధాంతంలో ఉంది: సైకిలు తొక్కేవారు తప్పు చేయరు.

ఈ సిద్ధాంతం ఎంత బలమైనదో చూడండి. రసీదు సంపాదించి తెచ్చిన సలహాదారు కాస్పర్ యూల్‌ను న్యూబోర్గ్ నీతి పేరు చెప్పి తీసేస్తుంది. మనం చప్పట్లు కొట్టాం. కొద్దిరోజులకే పని జరగడం లేదని అతన్నే మళ్లీ పిలిపించుకుంటుంది. అప్పుడూ చప్పట్లు కొట్టాం, ఈసారి ఆచరణ జ్ఞానానికి. చేయి పట్టుకుని రాజకీయం నేర్పిన పెద్దమనిషి బెంట్ సేయ్‌రోను మంత్రివర్గం నుంచి సాగనంపితే, ఆమె ముఖంలో బాధ కనిపించింది గనుక ఆయన బాధ మనకు కనిపించలేదు. తన ప్రభుత్వానికి ఇబ్బంది రాకుండా భర్త చేత కొత్త ఉద్యోగం మాన్పించినప్పుడు, ఆ తర్వాత అతను ఇల్లు విడిచి వెళ్లినప్పుడు, మనం ఏకగ్రీవంగా అతన్నే దోషిగా తీర్మానించాం. నిజానికి పాపం ఫిలిప్, పిల్లల బడి సమయాలు గుర్తున్న మనిషి ఆ ఇంట్లో చాలాకాలం అతనొక్కడే. ఇదే పనుల్లో సగం మన నియోజకవర్గపు ఎమ్మెల్యే చేసి ఉంటే ఆయనకు మనం పెట్టే పేరు అచ్చువేయడానికి ఏ సంపాదకుడూ ఒప్పుకోడు. పద్యం ఒకటే, పాడేవారి ఇంట్లో మంచి దీపాలుంటే రాగం కుదిరినట్టే వినిపిస్తుంది.

బ్రిటిష్ ప్రేక్షకుల నేరం ఇంకా శాస్త్రీయమైనది. 2010 మేలో వారికి సొంతంగా ఒక సంకీర్ణం ఏర్పడింది. కన్సర్వేటివ్‌లతో చేతులు కలిపి హామీలు గంగలో కలిపారని లిబరల్ డెమోక్రాట్లను వీధి వీధినా తిట్టుకున్న ఆ ప్రజలలోనే కొందరు, 2012 జనవరి నుంచి శనివారం రాత్రి బీబీసీ ఫోర్‌లో సబ్‌టైటిళ్లు చదువుకుంటూ, న్యూబోర్గ్ రాజీపడిన ప్రతిసారీ పరిణతి అంటే ఇదీ అని నిట్టూర్చారు. లండన్‌లో ద్రోహమైనది కోపెన్‌హాగెన్‌లో విజ్ఞత కావడానికి మధ్యలో ఉన్నది ఉత్తర సముద్రం, కొన్ని అర్థంకాని అచ్చులు మాత్రమే. అప్పట్లో స్కాట్లాండ్ ఉప ముఖ్యమంత్రిగా ఉన్న నికోలా స్టర్జన్ కూడా ఈ ధారావాహిక అభిమానినని దాచుకోలేదు. రాజకీయ నాయకులు రాజకీయ నాటకాన్ని సెలవు రోజున కూడా చూడటం వృత్తి పట్ల శ్రద్ధో, ఇంట్లో మరో పని లేకపోవడమో విచారణలో తేలవలసి ఉంది.

ఇక జోస్యం చెప్పామన్న గర్వం. ధారావాహిక మొదలైన ఏడాదికి, 2011 అక్టోబరులో, హెలె థార్నింగ్ ష్మిట్ డెన్మార్కు తొలి మహిళా ప్రధాని కాగానే అభిమానులు ఓట్లు తామే వేయించినట్టు మీసం మెలేశారు. 2021లో మాజీ ప్రధాని లార్స్ లోకె రాస్‌ముసెన్ కొత్త పార్టీ పెట్టి, న్యూబోర్గ్ పాత పార్టీ పేరునే పోలిన ‘మోడరేట్లు’ అన్న పేరు ఎంచుకున్నప్పుడు, కల్పనను నిజం కాపీ కొట్టిందని ఫిర్యాదు. 2022 ఎన్నికల్లో ఆ పార్టీకి 16 సీట్లు వచ్చి, ప్రభుత్వం ఏర్పడటానికి ఆరు వారాలు పట్టినప్పుడు, టీవీలో ఒక్క గంటలో తేలిన పనికి ఇంత సాగదీత ఏమిటని విసుగు. ఆ లోకె గారు చివరికి అచ్చం నాలుగో సీజన్‌లోని న్యూబోర్గ్ లాగానే విదేశాంగ మంత్రి అయ్యారు. ఆయన అభినయంలో మాత్రం అభిమానులకు ఆ లోతు కనిపించలేదు.

ఆ నాలుగో సీజన్ దగ్గరే నా అభియోగం గట్టిపడుతోంది. 2022లో తిరిగివచ్చిన న్యూబోర్గ్‌కు యాభై దాటింది. ఒంట్లో ఆవిర్లు, ఎదిగి చేజారిన కొడుకు, రాత్రి తిరిగొచ్చే సరికి ఎవరూ లేని ఇల్లు. గ్రీన్‌లాండ్‌లో చమురు బయటపడగానే మొదట వద్దని, పదవి పోయే సూచన కనబడగానే మాట మారుస్తుంది. అప్పుడు అభిమాన లోకం హాహాకారం చేసింది: మన న్యూబోర్గ్ ఇలాంటిది కాదు, అధికారం ఆమెను పాడుచేసింది అని. మొదటి సీజన్ నుంచి ఆమె చేస్తున్నది అదే పని. తేడా అల్లా, అప్పట్లో వంటింట్లో పిల్లలు గోల చేస్తుండేవారు, భర్త వైను పోస్తుండేవాడు, ఆ సందడిలో రాజీ కూడా సంసారపక్షంగా కనిపించేది. ఇప్పుడు అదే మాట మార్పు ఒంటరి స్త్రీ ఖాళీ గదిలో చేసేసరికి మనకు హఠాత్తుగా నీతి గుర్తొచ్చింది. ఈ పేరాలోని ప్రతి ఆక్షేపణనూ మూడో భాగం చూస్తూ నేను స్వయంగా పైకి అన్నాను. అప్రూవర్‌గా నా వాంగ్మూలంలో దీన్ని చేర్చుకోవలసిందిగా కోరుతున్నాను.

ఆ గదిలో నీతి ప్రసక్తి తీసుకురాని వ్యక్తి ఒక్కరే. ముప్పై భాగాలు ఓపికగా ఎదురుచూసిన మావయ్య, గ్రీన్‌లాండ్‌లో చమురు అన్న మాట వినగానే పడక కుర్చీలో నిటారుగా కూర్చున్నారు.

“నేను చెప్పలేదూ! బ్యాగుతో మొదలుపెట్టి ఎక్కడికి తెచ్చారో చూడు. ఇంతకీ ఆ భూములు ఎవరి పేరు మీద ఉన్నాయి?”

గ్రీన్‌లాండ్‌లో భూమికి సొంతదారులంటూ ఎవరూ ఉండరనీ, ఇల్లు కట్టుకున్నా ఆ జాగాను వాడుకునే హక్కే తప్ప పట్టా ఉండదనీ వివరించాను. మావయ్య చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత రిమోట్ అందుకుని టీవీ కట్టేశారు.

“ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా, ఇది ఉత్త కల్పిత కథని.”