ఆకాశమార్గం 510 కిలోమీటర్లే, మరి గంటంపావు ఎందుకు?

విశాఖ నుంచి హైదరాబాదుకు ఆకాశమార్గం 510 కిలోమీటర్లే కదా, గంటకు 800 కిలోమీటర్ల వేగంతో పోయే విమానానికి గంటంపావు ఎందుకు పడుతుందని ఒక వ్యాసంలో దాని రచయిత ఆశ్చర్యపోయారు. సుమారు 510 కిలోమీటర్లన్నది రెండు విమానాశ్రయాల మధ్య గీసిన సరళరేఖ మాత్రమే. టికెట్టుపై వేసే సమయమేమో విమానం ఇక్కడ కదిలింది మొదలు శంషాబాదులో ఆగేదాకా లెక్క కాబట్టి, రన్‌వే చేరడం, పైకెక్కడం, దిగేముందు వేగం తగ్గించుకుని తన వంతుకోసం చుట్టు తిరగడం అన్నీ అందులోనే కలుస్తాయి. గంటకు 800 కిలోమీటర్ల వేగం నిలిచేది మధ్యలో కాసేపే. కిందటిసారి కిటికీ పక్కన కూర్చుని గడియారం చూస్తే, కదిలిన పద్నాలుగు నిమిషాలకుగానీ చక్రాలు నేల విడవలేదు. విజయవాడ మీదుగా చుట్టు తిరిగి వెళ్ళే రైలుకైతే దాదాపు 700 కిలోమీటర్లు; వందే భారత్‌కే ఎనిమిదిన్నర గంటలు.