రక్తం పంచుకున్నవాడా, నమ్ముకున్నవాడా?

కన్నకొడుకు దొంగ. చేరదీసి పెంచినవాడు ప్రాణమిచ్చే రకం. ఇద్దరిలో ఒక్కరే మిగలాల్సి వస్తే తండ్రి ఎవరిని వదులుకుంటాడు? 2002లో సామ్ మెండెస్ తీసిన ‘రోడ్ టు పెర్డిషన్’లో అసలు చిక్కుముడి ఇదే. చాలామందికి ఇది టామ్ హ్యాంక్స్ కొడుకుని వెంటేసుకుని పారిపోయే కథగానే గుర్తుంది. నన్నడిగితే అసలు సినిమా పాల్ న్యూమన్ ఉన్నచోటే ఉంది.

1931 చలికాలం, అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రం. ఐరిష్ ముఠా నాయకుడు జాన్ రూనీ (న్యూమన్) దగ్గర మైఖేల్ సల్లివన్ (హ్యాంక్స్) కుడిభుజం. ఇల్లు, హోదా అన్నీ రూనీ పెట్టిన భిక్షే. రూనీ సొంత కొడుకు కానర్‌గా డేనియల్ క్రెయిగ్ చేశాడు. నాన్న రాత్రిళ్లు ఏం పని మీద వెళ్తాడో తెలుసుకోవాలని సల్లివన్ పెద్దకొడుకు కారులో దాక్కుని వెళ్తాడు. అక్కడ కానర్ ఒకణ్ని కాల్చేయడం కళ్లారా చూస్తాడు. సాక్ష్యం మిగలకూడదని కానర్ సల్లివన్ ఇంటి మీదపడి అతని భార్యనీ, చిన్నకొడుకునీ చంపేస్తాడు. బతికి బయటపడ్డ తండ్రీకొడుకులు ఊరు విడిచి పారిపోతారు.

ఇంత ఘోరానికి బీజం మొదట్లోనే పడింది. ఒక చావింట్లో రూనీ, సల్లివన్ పక్కపక్కన కూర్చుని పియానో వాయిస్తారు. మాట లేదు, ఒకరి వేళ్లకి ఇంకొకరి వేళ్లు జవాబు చెబుతుంటాయి. సొంత కొడుకు మాత్రం జనంలో నిలబడి చూస్తుంటాడు. తండ్రి అంత మురిపెంగా తనవైపు ఎన్నడూ చూడలేదని అతనికి తెలుసు. కానర్ చేసిన హత్యలకి ఇది సాకు కాదు. అయితే ఆ కుళ్లు ఎక్కడ పుట్టిందో చూపించడానికి మెండెస్‌కి ఒక్క డైలాగు కూడా అవసరం కాలేదు.

జరిగింది తెలిశాక రూనీ కొడుకుని పట్టుకుని బాదుతాడు, నువ్వు పుట్టిన రోజు తగలబడిపోనూ అన్నట్టు తిడతాడు. తిడుతూనే, కొడుతూనే దగ్గరికి లాక్కుని వాటేసుకుంటాడు. కొట్టే చెయ్యి ఎక్కడ ఆగిందో, హత్తుకునే చెయ్యి ఎక్కడ మొదలైందో చెప్పలేం. న్యూమన్‌కి ఉత్తమ సహాయ నటుడిగా ఆస్కార్ నామినేషన్ వచ్చింది, అవార్డు రాలేదు. ఈ ఒక్క సీనుకే ఇచ్చేయాల్సింది అనిపిస్తుంది నాకు.

తర్వాత చర్చి నేలమాళిగలో పాత మనుషులిద్దరూ ఎదురుపడతారు. కానర్ చనిపోయినవాళ్ల పేర్ల మీద ఖాతాలు నడిపి తండ్రి డబ్బే కాజేశాడని సల్లివన్ లెక్కల కాగితాలు తెచ్చి చూపిస్తాడు. రూనీకి అది ముందే తెలుసు! రుజువు చూపిస్తే తండ్రి కళ్లు తెరుస్తాడనుకోవడం సల్లివన్ అమాయకత్వం. రూనీ కళ్లు తెరుచుకునే ఉన్నాయి, తెరుచుకునే కొడుకుని కాస్తున్నాడు. ఆ పరిస్థితిలో సల్లివన్ ఉన్నా అదే చేసేవాడు. ఆ మాటకొస్తే చేస్తున్నాడు కూడా, కొడుకు కోసం ఎన్ని శవాలైనా లేపుతూ.

అందుకే వానలో జరిగే కాల్పులకి అంత బరువు. తుపాకి చప్పుడు తీసేసి థామస్ న్యూమన్ సంగీతం ఒక్కటే ఉంచారు. మనుషులు కూలిపోతుంటారు, రూనీ వెనక్కి కూడా తిరగడు. కాల్చేది ఎవరో అతనికి తెలుసు. ఛాయాగ్రాహకుడు కాన్రాడ్ హాల్ 2003 జనవరిలో కన్నుమూశాక ఈ సినిమాకే ఆస్కార్ వచ్చింది. సినిమాకి వచ్చిన ఆరు నామినేషన్లలో దక్కింది అదొక్కటే. రూనీ పోయాక కానర్‌ని పట్టించుకునే నాథుడే ఉండడు. ఎక్కడున్నాడో, అంతవరకూ అతణ్ని దాచిన చికాగో ముఠావాళ్లే సల్లివన్‌కి చెప్పేస్తారు. తండ్రి బతికున్నంత వరకే ఆ కొడుక్కి విలువ. స్నానాలగదిలో తల్లీబిడ్డల్ని చంపినవాడు చివరికి స్నానపు తొట్టిలోనే చస్తాడు.

సల్లివన్, అతని కొడుకు ఉన్న భాగం దగ్గరకొచ్చేసరికి నాకు కొంచెం పేచీ ఉంది. తమ్ముణ్ని ఎక్కువ ప్రేమించావు కదా అని కుర్రాడు ఒక రాత్రి నిలదీస్తాడు. తమ్ముడు మెతకవాడు, నువ్వేమో నాలా ఉన్నావు, అలా ఉండకూడదనుకున్నాను అంటాడు తండ్రి. ఎడంగా ఉండటంలోనే భయం, ప్రేమ రెండూ ఉన్నాయన్నమాట. గొప్ప సీను. కానీ తనలా కాకూడదనుకున్న కొడుక్కే ఈ తండ్రి కారు నడపడం నేర్పి, బ్యాంకుల్లో దాచిన ముఠా డబ్బు ఎత్తుకొచ్చేటప్పుడు పక్కన డ్రైవరుగా పెట్టుకుంటాడు. కుర్రాడు దర్జాగా తన వాటా కూడా అడుగుతాడు. ఆ భాగమంతా సరదాగా, హుషారుగా తీశారు. మనకీ నచ్చుతుంది, నవ్వుకుంటాం. నిజానికి సినిమా మొత్తంలో టెన్షన్ పుట్టాల్సింది అక్కడ. తండ్రి నోటితో వద్దంటున్నది చేతులతో నేర్పిస్తున్నాడు మరి!

క్లైమాక్సులో ఆ లెక్క తేలుతుందనుకుంటే, తండ్రిని కాల్చిన కిరాయి హంతకుడి ఎదుట కుర్రాడి చేతిలో తుపాకి పెట్టి, చివరి క్షణంలో ఆ భారాన్ని చావుబతుకుల్లో ఉన్న తండ్రే ఎత్తుకునేలా చేశారు. తర్వాత కొడుకు గొంతుతో, నాన్న భయమంతా నేను ఆ దారిన పోతానేమోననే, ఆ తర్వాత నేను తుపాకి పట్టలేదు అని విడమరిచి చెప్పించారు. పియానో సీనులో ప్రేక్షకుణ్ని అంతగా నమ్మిన దర్శకుడు ఇక్కడ ఎందుకు నమ్మలేకపోయాడో అర్థం కాదు. కుర్రాడు ట్రిగ్గర్ నొక్కి ఉంటే సల్లివన్ కూడా రూనీలాగే ఓడిపోయిన తండ్రి అయ్యేవాడు. సినిమా మొదటి నుంచీ వెళ్తున్నది ఆ వైపే. హ్యాంక్స్‌ని అలా ఓడించడానికి మాత్రం మెండెస్‌కి మనసు రాలేదు.