పొద్దుటి కషాయం గారికి

మహారాజశ్రీ కషాయం గారికి, తిరుపతి బైరాగిపట్టెడ నుంచి ఒక ఇల్లాలు విన్నవించుకునేది.

లవంగాలు, పసుపు, మిరియాలు, దాల్చిన చెక్క వేసి కాచిన తమరిలో యాంటీఆక్సిడెంట్లు (కణాలు దెబ్బతినకుండా కాపాడేవి) దండిగా ఉంటాయని, కాలేయం బాగుపడుతుందని మా ఆయన వాట్సాప్‌లో చదివారు. తమరు వేంచేసినప్పటి నుంచి మా ఇంట్లో కాఫీకి చోటు లేదు. కాఫీలోనూ అవి దండిగా ఉంటాయంటే ఆయన నమ్మరు. ఆ సంగతి వాట్సాప్‌లో రాలేదట!

లవంగాల యాంటీఆక్సిడెంట్ స్కోరెంతో మాత్రం ఆయనకు నోటికొచ్చు. ఆ స్కోర్లన్నీ పరీక్షనాళికలో కొలిచినవి. ఒంట్లో జరిగేదానికి వాటితో పొంతన లేదని అమెరికా వ్యవసాయ శాఖ 2012లోనే ఆ స్కోర్ల పట్టికను వెబ్‌సైటు నుంచి తీసేసింది. ఆ కబురు తమరికి ఇంకా అందినట్టు లేదు.

పసుపుకు మిరియాలు తోడైతే పసుపులోని కర్క్యుమిన్ అనే పదార్థం 20 రెట్లు ఒంటబడుతుందని 1998లో బెంగళూరు పరిశోధకులు ప్రయోగం చేసి చెప్పారు, కాదనను. కానీ వాళ్లు ఇచ్చింది 2 గ్రాముల కర్క్యుమిన్. పసుపులో అది ఉండేదే నూటికి మూడు పాళ్లు. అంటే 60 గ్రాములు దాటిన పసుపు. తమరిలో పడేది చిటికెడు! ఆ చిటికెడు మా అమ్మ మిరియాల చారులోనూ ఉండేది, పైగా పోపు నూనెతో సహా. ఆ చారు ఏనాడూ ఇంత డప్పు కొట్టుకోలేదు.

నా టెన్షనంతా దాల్చిన చెక్కతోనే. మా వీధి అంగడిలో ఇచ్చేది మందంగా, ఒకే పొరగా, రోట్లో వేసి దంచితే గానీ నలగనంత గట్టిగా ఉంటుంది. అది కాసియా అనే రకం. సిలోన్ చెక్కయితే పలుచటి పొరలు చుట్టలా చుట్టుకుని, వేళ్లతో నలిపితే పొడి అవుతుంది. కాసియాలో కూమరిన్ అనే పదార్థం ఎక్కువ, కొందరికి అది కాలేయం మీద దెబ్బ కొడుతుంది. 60 కిలోల మనిషి రోజూ 2 గ్రాముల కాసియా తింటే కూమరిన్ రోజువారీ పరిమితికి చేరినట్టేనని జర్మనీ ఆహార భద్రత సంస్థ లెక్కగట్టింది. బిర్యానీలో ముక్కతో ఏ గొడవా లేదు, ఏరి పక్కన పెట్టేస్తాం. తమరి కోసం మాత్రం మా ఆయన చెంచా నిండా పొడి పోస్తున్నారు. కాలేయం బాగుపడాలట!

మా మామయ్య రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటున్నారు. పసుపు, మిరియాల మోతాదు పెరిగితే కొన్ని మందుల పనితీరు మారిపోవచ్చు. అయినా తమరి పేరు డాక్టరు దగ్గర ఎవరూ ఎత్తలేదు, "ఇంటి వైద్యమే కదమ్మా" అని. వచ్చే వారం చెకప్ ఉంది. తమరినీ ఫ్లాస్కులో తీసుకెళ్తాను. ఇంకేమైనా తాగుతున్నారా అని డాక్టరుగారు అడిగితే సమాధానం తమరే చెప్పుకోండి.

ఇట్లు,
గిన్నె తోముకునే మనిషి