షేడ్ కార్డు గారూ, మీ మందం ఎంతండీ?

లామినేట్ షేడ్ కార్డు గారికి,

నమస్కారం. కబోర్డు పలకల మీద అతికించే పల్చటి లామినేట్ షీట్ల రంగు ముక్కల్ని పేజీల నిండా పెట్టుకుని, మీరు మా డైనింగ్ టేబుల్ మీద తిష్ట వేసి చాలా రోజులైంది. కంచాలు పెట్టుకునే చోటు లేక మేం సోఫాలో కూర్చుని తింటున్నాం, అయినా మిమ్మల్ని తీసి పక్కన పెట్టే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు.

కిచెన్ కబోర్డులు మార్చాలనుకున్న రోజున మా బాధలు మాకు చాలా స్పష్టంగా తెలుసు. కింది అరలో వెనకున్న గిన్నె కావాలంటే ముందున్నవన్నీ నేల మీదికి దించాలి, సింకు కింద పలక ఉబ్బిపోయి తలుపు పడటం లేదు, మూల అరలోకి వెళ్లిన మూత ఇక తిరిగి రాదు. మీరొచ్చాక ఈ లిస్టు ఏ మూల అరలోకి పోయిందో గానీ, ఇప్పుడు ఇంట్లో నడుస్తున్న చర్చ ఒక్కటే. ఐవరీనా, ఆఫ్ వైటా?

అసలు ఇన్ని తెలుపులెందుకండీ మీకు? రెండు పక్కపక్కన పెడితేనే తేడా, ఒకటి తీసేస్తే మిగిలింది ఏదో దాని వెనక నంబరు చూస్తే తప్ప తెలీదు. మా ఆయన పొద్దున కిటికీ దగ్గర ఒక ముక్క చూసి అద్భుతం అన్నారు, రాత్రి ఎల్‌ఈడీ లైటు కింద అదే ముక్క చూసి “ఇదెవరు సెలెక్ట్ చేశారు?” అన్నారు. లైటు మారితే రంగు మారుతుందన్న సంగతి మీకు తెలుసు, షోరూం వాళ్లకి తెలుసు, అందుకే కదా అక్కడ అన్ని లైట్లు! పైగా అరచేతిలో సగం ఉన్న ముక్క చూసి గోడంతా ఎలా ఉంటుందో ఊహించుకోమంటారు, చిటికెనవేలు చూసి మనిషి పొడుగు చెప్పమన్నట్టు.

సరే, అసలు సంగతికొస్తాను. మీ మందం ఎంత? మహా అయితే ఒక మిల్లీమీటరు. మీ వెనకాల 16 లేదా 18 మిల్లీమీటర్ల పలక ఒకటి ఉంటుంది, గుర్తుందా? గిన్నెల బరువు మోసేది అది, తలుపు హింజ్ (బందు) స్క్రూలను పట్టుకునేది అది, నీళ్లు తగిలితే పాడైపోయేదీ అదే. అది ప్లైవుడ్డా, ఎండీఎఫ్ఫా (చెక్క పీచును నొక్కి చేసే పలక), పార్టికల్ బోర్డా అని డిజైనర్‌ని అడిగితే “మంచి క్వాలిటీనే మేడం” అని మీలో ఇంకో పేజీ తిప్పాడు. క్వాలిటీ అనే చెట్టు ఏ అడవిలో పెరుగుతుందో మరి.

పార్టికల్ బోర్డును ఊరికే తిట్టడం నాకిష్టం లేదు. చెక్క తురుమును జిగురుతో కలిపి నొక్కిన పలక అది, పొడిగా ఉండే పై అరల్లో దాని పని అది చేసుకుపోతుంది. కానీ అంచులోంచి నీళ్లు లోపలికి వెళ్లాయా, ఉబ్బుతుంది, ఆరినా మళ్లీ మామూలు కాదు. ఒకసారి ఊడిన స్క్రూ అదే రంధ్రంలో మళ్లీ గట్టిగా కూర్చోదు. అందుకే సింకు కింద తడిని తట్టుకునే ప్లైవుడ్ వేయించాలి, దాని కోసిన అంచుల్ని కూడా మూయించాలి. పైపు కోసం కోసిన రంధ్రం చుట్టూ ఒకసారి వేలు పెట్టి చూడండి, చాలా ఇళ్లలో అక్కడ పలక పచ్చిగా అలాగే ఉంటుంది. ఎవరూ చూడని చోటు కదా, నీళ్లు మాత్రం ముందు అక్కడే చూస్తాయి. తలుపు అంచున అతికించే పట్టీ, అదే ఎడ్జ్ బ్యాండ్, దాని మీద గోరు పెట్టి అడ్డంగా గీసినా చాలు. గోరు ఎక్కడ చిక్కుకుంటుందో తడి కూడా అక్కడే దూరుతుంది. మీలో అన్ని పేజీలున్నాయి కదా, ఈ అంచు కోసం ఒక్క పేజీ లేదేం?

కింద తలుపులు బదులు డ్రాయర్లు పెడితే లాగగానే వెనకున్న గిన్నె కూడా చేతికొస్తుంది. ఖర్చు ఎక్కువే, కానీ వంగి, మోకాళ్ల మీద కూర్చుని టార్చి వేసి వెతికే పని తప్పుతుంది. గోడ పక్కనే వచ్చే డ్రాయరుకి మధ్యలో సన్నటి ఫిల్లర్ పట్టీ వదలకపోతే దాని హ్యాండిలు గోడకో, కిటికీ చట్రానికో తగిలి సగంలోనే ఆగిపోతుంది. ఇలాంటివి మాట్లాడదామని కూర్చున్న ప్రతిసారీ మా అత్తయ్యగారు మీలోంచి ఒక ముక్క పీకి “ఇది ఫ్లోర్‌కి మ్యాచ్ అవుతుందా అమ్మా?” అంటారు. అక్కడితో మీటింగ్ క్లోజ్.

రంగు వద్దని కాదండోయ్. 1926లో మార్గరెటె షుట్టె-లిహోట్స్కీ అనే ఆర్కిటెక్ట్ జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్ కిచెన్‌ని డిజైన్ చేసింది. కబోర్డులన్నీ గోడలకి కుదురుగా బిగించే ఇప్పటి ఫిటెడ్ కిచెన్‌లకి పూర్వీకురాలు అది. వెడల్పు రెండు మీటర్లు కూడా లేని గదిలో, వంట చేసే మనిషి ఎన్ని అడుగులు వేస్తుంది, ఏది ఎక్కడుంటే చేతికి అందుతుంది అని లెక్కలు వేసి మరీ గీసింది. సరుకులు పోసుకోవడానికి పేర్లు రాసిన అల్యూమినియం డ్రాయర్లు కూడా పెట్టింది. కబోర్డులకి నీలం రంగు ఎందుకంటే ఈగలు దాని మీద వాలవని అప్పటి నమ్మకం. చూశారా, ఆవిడ వంటింట్లో రంగుకి కూడా ఒక ఉద్యోగం ఉంది! అద్దంలా మెరిసే మీ హై గ్లాసీ నలుపు చేసే ఉద్యోగమల్లా ఇంట్లో అందరి వేలిముద్రలూ సేకరించడం.

కాబట్టి డిజైనర్‌కి ఫోన్ చేసి చెప్పేశాను. ఈసారి వచ్చేటప్పుడు షేడ్ కార్డు వద్దు బాబూ, మీరు వాడే పలకని అడ్డంగా కోసిన ముక్క ఒకటి తీసుకురా, లోపల ఏముందో చూస్తాను అని. చాలా మర్యాదగా విన్నాడు.

“తప్పకుండా మేడం. ఏ షేడ్‌లో తీసుకురమ్మంటారు?”

ఇట్లు,
సోఫాలో భోంచేస్తున్న ఇంటావిడ